కొలవని వంపు

"నా బిందెను కాలుతోని జరిపింది. చేత్తోని గూడ గాదు, కాలుతోని!"

భూదేవి ఉత్త చేతులతో గడపలో నిలబడింది. బిందెను నల్లా దగ్గరే వదిలేసి వచ్చింది. ముఖం మీద ఉన్నది చెమటో, కన్నీళ్లో, నల్లా నీళ్లో తెలియడం లేదు.

"ఎవలు?" అన్నాడు ఆమె భర్త సమ్మయ్య, మంచం మీంచి లేవకుండానే.

"ఇంకెవలు? సారలమ్మ. మొన్నటిదాంక అక్కా అక్కా అనుకుంట నా ఎనకెనుకనే తిరిగింది. గియ్యాల బిందెను జరిపి, 'కాళ్లు ఇరగ్గొట్టేటోళ్లకు నీళ్లెందుకు' అన్నది. పది మంది ఉన్నరు నల్లా కాడ. ఒక్కలన్న నోరు మెదపలె."

సమ్మయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తార్నాక రైల్వే క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. ఒకరింట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. అలాంటిచోట నల్లా దగ్గర మాటలు బందైపోయాయంటే వెలి వేసినట్టే లెక్క.

అయినా సారలమ్మను అనడానికి లేదు. నాలుగు రోజుల కింద గోదాము పక్కన సరుకు దించే సైడింగు లైనులో వంపు తిరుగుతున్న గూడ్సు బండి డబ్బాలు రెండు పట్టా దిగాయి. చివరి డబ్బా మెట్టు మీద జెండా పట్టుకుని నిలబడ్డ ఎంకన్న కింద పడ్డాడు. అతని కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఎంకన్న సారలమ్మ భర్త. మర్నాడే ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు వచ్చి సమ్మయ్య చేతిలోని సుత్తీ, ఎర్రజెండా తీసుకుని సస్పెన్షన్ కాగితం ఇచ్చి వెళ్లారు.

ఆ లైనుకు సమ్మయ్య కీమ్యాన్. పట్టాను స్లీపరుకు బిగించి ఉంచే ఇనుప చావీలను సుత్తితో కొట్టి చూసుకుంటూ రోజూ నడవడం అతని పని. పద్దెనిమిదేళ్లుగా నడుస్తున్నాడు.

మూలన పీట మీద కూర్చుని అన్నం తింటున్న సమ్మయ్య తమ్ముడు రాజలింగు తల ఎత్తలేదు. తప్పు చేసినవాడికి అన్నం సహించదంటారు. అబద్ధం. రాజలింగుకు బాగానే ఆకలి వేస్తోంది. ఆ ఆకలిని చూసుకుని వాడికి మరింత సిగ్గు వేస్తోంది.

"నువ్వన్న చెప్పు, రాజలింగూ," భూదేవి మరిది ఎదురుగా వచ్చి కూర్చుంది. "సదువుకున్నోనివి. ఆ వంపు కొలిచేది నువ్వే గద?"

"నేనే, వదినా."

"సక్కగున్నదనే గద బుక్కుల రాసినవు?"

"రాసిన."

"మరి వంపు సక్కగున్నంక డబ్బలు ఎట్ల దిగినయి?"

రాజలింగు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. కలిపిన అన్నాన్నే మళ్లీ కలుపుతున్నాడు.

"చావి ఊడి ఉంటది," సమ్మయ్య గోడతోనే అన్నాడు. "ఇడిసిపెట్టు ఆ ముచ్చట."

"నీ చావి ఊడుడా! జరమొచ్చినా పోయి కొట్టొచ్చినవు. మా అవ్వ సచ్చిపోయిన నాడు గూడ కొట్టినంకనే ఊరికి బస్సెక్కినవు. ఇయ్యాల ఊడి ఉంటదంటే నేను నమ్మాల్నా?" భూదేవి మళ్లీ మరిదివైపు తిరిగింది. "రేపు పది గంటలకు ఎంక్వైరీ. పెద్ద సార్లకు ఇంగ్లీషుల నువ్వు చెప్పు బిడ్డా. మీ అన్న గసువంటోడు గాదని చెప్పు. నీ మాట ఇంటరు."

"చెప్త వదినా," అన్నాడు రాజలింగు.

ఆ మాట అన్నప్పుడు సమ్మయ్య వీపు కొంచెం కదిలింది. భూదేవి అది చూడలేదు. రాజలింగు చూశాడు.

ఎందుకంటే నిజం ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. మూడో మనిషికే తెలియదు.

* * *

ఆగస్టు రెండో తారీకున జరిగింది అది.

రాజలింగు లైను ఇన్‌స్పెక్టరు ఆఫీసులో మేస్త్రీ. పట్టాలు కొలవడం, కొలతలు రిజిస్టరులో ఎక్కించడం వాడి పని. పగలు ఆ పని, సాయంత్రం యూనివర్సిటీలో నౌకరీదారుల బ్యాచ్‌లో ఇంజినీరింగు చదువు. నౌకరీ చేస్తున్నట్టు ఆరు నెలలకోసారి ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తెస్తేనే ఆ సీటు ఉంటుంది. నౌకరీ పోయిన రోజున సీటూ పోతుంది. ఇంకో ఏడాదిన్నర గడిస్తే రాజలింగు ఇంజినీరు. కీమ్యాన్ తమ్ముడు ఇంజినీరవడం ఆ క్వార్టర్లలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

వంపు కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. దారం ఒక కొసను కొక్కెంతో పట్టాకు తగిలిస్తారు. రెండో కొసను కీమ్యాన్ బిగించి పట్టుకుంటాడు. దారం తిన్నగా ఉంటుంది, పట్టా వంగి ఉంటుంది. ఆ మధ్య ఎడం ఎంతుందో స్కేలు పెట్టి చూసి రాసుకోవాలి. అలా ఎనిమిది చోట్ల. కొలతల కింద మేస్త్రీ సంతకం చేస్తాడు, దారం పట్టుకున్నందుకు కీమ్యాన్ వేలిముద్ర వేస్తాడు.

ఆ రోజు సాయంత్రమే యూనివర్సిటీలో రైల్వే ఇంజినీరింగు టెస్టు. మధ్యాహ్నం నుంచి జల్లు. సైడింగుకు పోయి రావడానికి మూడు గంటలు. పుస్తకంలో ఇంకా రెండు పాఠాలు మిగిలే ఉన్నాయి.

రాజలింగు ఆఫీసు బల్ల దగ్గరే కూర్చుని ఎనిమిది అంకెలు రాసేశాడు. ఆ వంపు ఎలా ఉండాలో క్లాసులో నేర్చుకున్నాడు కదా, అలాగే రాశాడు. అన్నీ అరవై మిల్లీమీటర్లని రాస్తే అనుమానం వస్తుందని ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వేశాడు.

ముద్ర కోసం అన్న వచ్చాడు. "వంపు కొలువలేదు గదరా, తమ్మీ?" అన్నాడు.

"టెస్టు ఉన్నది అన్నా. రేపు పోయి కొలుస్త. కొలిచి మల్ల సరిచేస్త."

"మూడో జోడు కాడ, పట్టలు కలిసే తాన, పట్ట బయటికి తంతున్నది. వంగి చూస్తే కంటికే కనబడుతున్నది. అదొక్కటి మర్వకు."

"రేపు రాస్త అన్నా, పక్క."

సమ్మయ్య బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేశాడు. వేసి, "టెస్టు మంచిగ రాయి," అని తమ్ముడి వీపు తట్టి వెళ్లాడు.

ఆ రేపు ఎన్నడూ రాలేదు. టెస్టు బాగా రాసిన సంతోషంలో ఒక రోజు, వానలో ఒక రోజు, పనుల్లో ఇంకో వారం పోయింది. వంపు బాగుందని రిజిస్టరే చెబుతోంది కాబట్టి కంకర సరిచేసే గ్యాంగును ఇన్‌స్పెక్టరు వేరే చోటికి పంపించాడు. పదో రోజున సరిగ్గా ఆ మూడో జోడు దగ్గరే డబ్బాలు దిగాయి. వంపు బాగున్నప్పుడు తప్పు ఇక చావీలదే అన్నారు పెద్దలు.

* * *

నాలుగున్నరకు రాజలింగు సైకిలు తీసి, ప్యాంటుకు క్లిప్పు పెట్టుకుని కాలేజీకి బయలుదేరాడు. లైను దాటే చోట అన్న కనిపించాడు.

సమ్మయ్య పట్టా పక్కన నడుస్తున్నాడు. చేతిలో సుత్తి లేదు, జెండా లేదు. అయినా ప్రతి స్లీపరు దగ్గరా ఒక్క క్షణం ఆగుతున్నాడు. ఒంగి చావీని చేత్తో తాకి చూసి ముందుకు పోతున్నాడు. సస్పెండైన మనిషి లైను మీదికి రాకూడదు. ఆ సంగతి ఆయన కాళ్లకు ఎవరు చెప్పాలి?

రాజలింగు సైకిలు నిలిపాడు. "అన్నా, ఇంట్ల గోడ దిక్కు మల్లి పన్నవు. గీడ నడుస్తున్నవు. ఎవలన్న చూస్తే?"

"కాళ్లు ఊకుంటలేవురా. క్లాసుకు టైమైతలేదా నీకు?"

"నేను క్లాసుకు పోను. ఇన్‌స్పెక్టరు తాన్కి పోత. ఉన్నది ఉన్నట్టు చెప్త."

సమ్మయ్య నడక ఆపి తమ్ముడి ముఖంలోకి చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే రాజలింగుకు తేలికయ్యేది.

"ఏమని చెప్తవు?"

"కొలువకుంటనే రాసిన అని చెప్త."

"మరి నా ఏలుముద్ర? దారం పట్టినోని ముద్ర? అది గూడ అబద్ధమేనాయె. అప్పుడు ఇద్దరం పోతం. నీ నౌకరి, నీ సీటు, నా నౌకరి, గీ క్వార్టరు, అన్ని ఒక్కపారే పోతయి. ఒక్కడు పోతే సాలదా?"

"నువ్వెందుకు పోవాలె అన్నా? నువ్వేం చేసినవు?"

"ముద్ర ఏసిన గద. ఎవ్వడు నా చెయ్యి పట్టి ఏపియ్యలె." సమ్మయ్య కంకర రాయి ఒకటి కాలితో సర్ది పెట్టాడు. "హెడ్ క్లర్కు కొండలరావు సార్‌ను కలిసిన. మంచోడు. చావీలు ఢీలైనయి, నాదే గల్తి, మాఫ్ చేయుండ్రి అని రాసిస్తే నౌకరి తియ్యరట. యాడ్నో దూరం గ్యాంగుల ఏస్తరట. రేపు పొద్దుగాల కాయితం రాసి పంపుతడు. ఏలు పెట్టుడే నా పని."

"వదిన?"

"ఆమెకు ఎర్క గావద్దు. నాకు మాటియ్యి."

రాజలింగు మాట ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. దూరంగా యూనివర్సిటీ స్టేషన్ వైపు నుంచి ప్యాసింజరు వస్తున్న చప్పుడు. సమ్మయ్య అలవాటుగా పక్కకు తప్పుకుని, లేని జెండా కోసం చంక తడుముకున్నాడు.

బండి పోయాక, "పో, టైమైతున్నది," అన్నాడు.

రాజలింగు పోయాడు. కాలేజీకే పోయాడు. తార్నాక గేటు దాటి, చెట్ల కింద తొక్కుకుంటూ, మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. దూరం గ్యాంగు అంటే చావు కాదు కదా. ఏడాదిన్నర ఎంతసేపు? ఇంజినీరు అయ్యాక మొదటి పని అన్నను వెనక్కి తెచ్చుకోవడమే. వదినకు పెద్ద క్వార్టరు, ఇంట్లోనే నల్లా. మనిషి తన పిరికితనానికి ఎంత మంచి బట్టలు కుట్టిస్తాడో చూడండి! కాలేజీ మెట్లెక్కేసరికి రాజలింగు తాను అన్న కోసమే నోరు మూసుకుంటున్నానని దాదాపు నమ్మేశాడు.

దాదాపు. పూర్తిగా నమ్మి ఉంటే ఆ ఎనిమిది అంకెలు రాసుకున్న కాగితం జేబులో పెట్టుకుని వచ్చేవాడు కాదు.

* * *

ఆ బ్యాచ్‌లో అందరూ పగలంతా ఎక్కడో ఒకచోట పనిచేసి వచ్చేవాళ్లే. ఖాళీ టిఫిను డబ్బాలు డ్రాయింగు బల్లల కింద పెట్టి, పాఠం సగంలో ఉండగా కునుకు తీస్తారు. వాళ్లకు రైల్వే ఇంజినీరింగు చెప్పే పార్థసారథి గారు కళ్లు మూసుకున్నవాణ్ణి లేపరు. చిన్నప్పుడు రాజమండ్రిలో పగలు పని చేస్తూ చదువుకున్నవాడినేనని ఆయనే చెబుతుంటారు.

క్లాసు మొదలవడానికి ఇంకా పావుగంట ఉంది. రాజలింగు ఆయన బల్ల దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఒక డౌటు. ఒక వంపు కొలతలు గిట్ల ఉన్నయనుకోండ్రి. డబ్బలు పట్ట దిగేందుకు ఛాన్సు ఉంటదా?"

లేదు అనే మాట కోసం వచ్చాడు వాడు. ఆ ఒక్క మాట దొరికితే చాలు. కొలిచినా కొలవకపోయినా ఒకటేనని తనకు తాను చెప్పుకోవచ్చు.

పార్థసారథి గారు కళ్లజోడు సర్దుకుని కాగితం అందుకున్నారు. అరవై, అరవై ఒకటి, అరవై, యాభై తొమ్మిది. చదువుతూ చదువుతూ ఆయన మీసం కింద నవ్వు మొదలైంది.

"ఎక్కడిదయ్యా ఈ వంపు? పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు ఇంత బుద్ధిగా ఉంది!"

"ఒక సైడింగుల, సార్."

"సైడింగులో? వానాకాలంలో? ఎనిమిది చోట్ల కొలిస్తే రెండు మిల్లీమీటర్లు మించి తేడా లేదా? ముప్పై ఏళ్లు రైల్వేలో పనిచేసి వచ్చానయ్యా నేను. కొత్తగా వేసిన లైనులో కూడా ఇలాంటి వంపు చూడలేదు. ఇది పట్టా దగ్గర రాసిన కొలత కాదు. బల్ల దగ్గర రాసింది."

రాజలింగు నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"ఇంకో సంగతి చెప్పనా?" ఆయన వేలితో అంకెల మీద కొట్టారు. "చదువురానివాడైతే అన్నీ అరవై అని రాసేవాడు, దొరికిపోయేవాడు. వీడు ఒకటి పెంచాడు, ఒకటి తగ్గించాడు. వంపు ఎలా ఉంటే బాగుంటుందో వీడికి తెలుసు. నాలాంటివాడి దగ్గరే ఎక్కడో నేర్చుకుని ఉంటాడు." నవ్వు ఆగిపోయింది. "ఎవడు వాడు?"

"మా ఆఫీసుల ఎవరో, సార్."

అబద్ధం అంత సులువుగా వచ్చేసినందుకు రాజలింగుకు తన నాలుక మీదే అసహ్యం వేసింది. రెండో తారీకున మొదటి అబద్ధం రాయడానికి వాడికి గంట పట్టింది. ఇప్పుడు రెప్పపాటు పట్టలేదు.

"డబ్బాలు నిజంగా దిగాయా?"

"దిగినయి, సార్."

"ఎవరికైనా దెబ్బలు?"

"ఒకాయన కాలు ఇరిగింది. కీమ్యాన్‌ను సస్పెండు చేసిండ్రు."

"కీమ్యాన్‌నా!" పార్థసారథి గారు కాగితాన్ని బల్ల మీద పెట్టేశారు, ఇక పట్టుకోవడం ఇష్టం లేనట్టు. "అవును మరి. రిజిస్టరు మాట్లాడుతుంది, కీమ్యాన్ మాట్లాడడు. ఎప్పుడూ ఉన్నదే."

వెనక బల్లల్లో ఎవరో స్టూలు లాగిన చప్పుడు.

ఆయన సొరుగులోంచి కాగితాల కట్ట తీసి, అందులోంచి ఒకటి లాగి ఇచ్చారు. "ఇదిగో, నీ టెస్టు పేపరు. క్లాసులో నీదే ఎక్కువ. ఇరవైకి పద్దెనిమిది. మూడో జవాబు చూడు, ఎర్రగీత పెట్టాను. 'పాత వంపును సరిచేసే ముందు ఇంజినీరు స్వయంగా అక్కడికి వెళ్లి కొలవాలి' అని రాశావు. పుస్తకంలో ఆ 'స్వయంగా' లేదు. నువ్వు కలిపావు. నాకు నచ్చింది."

రాజలింగు పేపరు అందుకున్నాడు. తన దస్తూరీ. తన సంతకం. పైన తారీకు రెండు.

"థ్యాంక్స్, సార్," అన్నాడు.

ఆ రోజు పాఠం ఏమిటో వాడికి తెలియదు. పార్థసారథి గారు రెండుసార్లు వాడివైపు చూశారు. ఏమీ అడగలేదు. అడగకపోవడమే పెద్ద శిక్షలా ఉంది.

* * *

తెల్లవారి ఎనిమిదికల్లా కొండలరావు గారు పంపిన కాగితం వచ్చింది. దాంతోపాటు చిన్న సిరా డబ్బా కూడా పంపారు, ఎంతైనా పద్ధతి తెలిసిన మనిషి.

సమ్మయ్య ఉతికిన ధోవతి కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. బొటనవేలు తుడుచుకున్నాడు.

"ఆగు," అంది భూదేవి.

"ఏంది?"

"సదివినంక పెట్టు. ఇన్నేండ్లు ఇనకుంటనే పెట్టినవు. ఎవలు ఏది ముంగట పెడితే దానికి పెట్టినవు. ఈ ఒక్కపారి నేను ఇంట."

"ఇనేదేమున్నదే? మాఫీ కాయితం. ఇంగ్లీషుల ఉన్నది."

"ఇంగ్లీషుల ఉంటే ఏంది? ఇంట్ల సదివేటోడు లేడా?" ఆమె కాగితం తీసి రాజలింగు చేతిలో పెట్టింది. "తెలుగుల జెప్పు, బిడ్డా. మెల్లగ."

ఆ ఇంటికి ఏ కాగితం వచ్చినా అంతే. ఊరి నుంచి ఉత్తరమైనా, దవాఖానా చీటీ అయినా, రేషను కార్డు అయినా, మొదట రాజలింగు చేతికే వస్తుంది. వాడి నోటి నుంచి వచ్చిందే భూదేవికి అక్షరం. పదేళ్ల వయసులో తల్లి పోయిన మరిదిని తెచ్చుకుని, పలక కొనిచ్చి, బడి ముందు నిలబెట్టిన మనిషి ఆమె. తనకూ చదువు చెప్పమని ఒకసారి అడిగింది. సాయంత్రం కాలేజీ మొదలవడంతో ఆ పాఠం నాలుగు అక్షరాల దగ్గర ఆగిపోయింది. రెండోసారి ఆమె అడగలేదు.

రాజలింగు కాగితం విప్పాడు. నాలుగే వరుసలు. 'కీమ్యాన్ సమ్మయ్య అనే నేను ఆ రోజు చావీలు సరిగా బిగించలేదు. తప్పు పూర్తిగా నాదే. దయచేసి క్షమించండి.' అంతే ఉంది అందులో.

ఇది చదివితే చాలు. అన్న వేలు పెడతాడు. వదిన ఏడుస్తుంది. తర్వాత నమ్ముతుంది, తన భర్తే తప్పు చేశాడని. ఎందుకంటే చదివింది రాజలింగు.

"పెద్ద సార్ల సముఖానికి," మొదలుపెట్టాడు. దగ్గి మళ్లీ మొదలుపెట్టాడు. "పెద్ద సార్ల సముఖానికి. ఆగస్టు రెండో తారీకు నాడు గోదాము సైడింగు వంపు కొలువలేదు."

సమ్మయ్య తల ఎత్తాడు.

"కొలువకుంటనే మేస్త్రీ కొలతలు రాసిండు. ఆ దినం మేస్త్రీకి టెస్టు ఉండె. మూడో జోడు కాడ పట్ట బయటికి తంతున్నదని కీమ్యాన్ చెప్పిండు. రేపు రాస్తనని మేస్త్రీ అన్నడు. రాయలేదు."

"తమ్మీ," అన్నాడు సమ్మయ్య. "సక్కగ సదువు."

"సక్కగనే సదువుతున్న, అన్నా."

"ఆపు, రాజలింగూ!"

"తమ్ముని మీది ప్రేమతోని కీమ్యాన్ ఏలుముద్ర ఏసిండు. చావీలల్ల తప్పు లేదు. కీమ్యాన్‌ల తప్పు లేదు. ఎంకన్న కాలు ఇరిగింది మేస్త్రీ వల్ల." కాగితం దించాడు. "అంతే, వదినా."

పొయ్యి మీద ఎసరు మరిగి మూత ఎగురుతోంది. ఎవరూ లేచి దించలేదు.

భూదేవి చెయ్యి చాపి కాగితం తీసుకుంది. వెలుతురుకు పెట్టి చూసింది. ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"ఇండ్ల నాలుగు వరుసలే ఉన్నయి," అంది మెల్లగా. "నువ్వు సదివింది శాన ఉన్నది."

రాజలింగు తల దించుకున్నాడు.

"ఇది కాయితంల ఉన్నదా, నీ కడుపుల ఉన్నదా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. భర్తను చూసింది.

"నీకు ఎర్కనేనా?"

సమ్మయ్య బొటనవేలు మళ్లీ తుడుచుకున్నాడు.

"నాలుగు దినాల సంది సుట్టుపక్కలోళ్లు నా మొగంల ఉమ్మేసినంత పని చేస్తున్నరు. మీ ఇద్దరికి ఎర్కుండి, నన్ను ఒక్కదాన్ని నల్లాకు పంపిండ్రా?"

"భూదేవీ, వాని సదువు..."

"వాని సదువు నేను సదివించిన! నువ్వు జెప్తవా నాకు?" ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఇద్దరికీ అనిపించింది. సిరా డబ్బా మూత తీసి ఉంది. ఆమె దాన్ని భర్త ముందు నుంచి జరిపి రాజలింగు కాళ్ల దగ్గర పెట్టింది. "నేను గొన్న పలక మీద నువ్వు అక్షరాలు దిద్దింది గిందుకేనా, బిడ్డా? ఉత్త రాతలు రాసేటందుకేనా?"

రాజలింగు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయింది వదినా," అన్నాడు. ఆ రెండు మాటలే. ఇరవైకి పద్దెనిమిది వచ్చిన నోరు అది.

సమ్మయ్య లేచి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. "ఎవ్వరు ఇనలె. మన ముగ్గురి నడుమనే ఉన్నది. ఆ డబ్బ ఇటియ్యి, నేను ఏలు పెడ్త. పది గంటలకు ఇచ్చొస్త. అయిపోతది."

అప్పుడు గడపలో ఇత్తడి చప్పుడయింది. ఎవరో నిండు బిందెను కింద పెట్టారు.

సారలమ్మ. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. నీళ్లు తొణికి ఆమె చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. తన్నిన బిందెనే తోమి, నింపి, చంకన పెట్టుకుని తెచ్చింది.

"దవాఖాన్ల మా ఆయన తిట్టిండు, అక్కా," అంది భూదేవితో, కళ్లు మాత్రం రాజలింగు మీదే ఉంచి. "ఆ పొద్దు సమ్మన్న సుత్తి సప్పుడు ఆయన చెవులార ఇన్నడట. ఒక్క చావి ఇడిసిపెట్టలేదట. పాపం కట్టుకుంటివే, పోయి నీళ్లు పోసి రా అన్నడు. అందుకే వచ్చిన."

ఎవరూ ఆమెను లోపలికి రమ్మనలేదు. ఆమే గడప దాటి వచ్చింది.

"రాజలింగూ," అంది. "ఇందాక నువ్వు సదివినవు గద, నేను ఇన్న. పది గంటలకు పెద్ద సార్లు గూడ ఇనాలె. ఏ తారీకు నాడు కొలువలేదన్నవు?"